పదిహేడో మెట్టు

ఆ ఊళ్ళో ఎవరి వ్యాపారం మునిగినా, ఎవరి కొడుకు ఆఖరి పరీక్ష తప్పినా, ఎవరింట్లో కుదిరిన సంబంధం చెడినా జనం ఒకటే మాట అనేవారు: "పదిహేడో మెట్టయిందిరా." అంతా సవ్యంగా నడిచి చివర్లో బోర్లాపడ్డ ప్రతి పనికీ అక్కడ అదే పేరు. పొరుగూరి వాళ్ళకి ఆ మాట అర్థం కాదు. టౌను హాలు మెట్లెక్కిన వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. పదహారు మెట్లు కాళ్ళు వాటంతట అవే ఎక్కేస్తాయి. పదిహేడోది బొటనవేలిని పట్టుకుంటుంది. కొత్తగా ఎక్కే ఎంతటి మొనగాడైనా ముందుకి తూలి, రెండు చేతులూ చాచి, సాష్టాంగపడబోతున్నట్టు హాల్లోకి ప్రవేశిస్తాడు.

ఆ మెట్లు కట్టిన తాపీమేస్త్రి కూతురు యాభై ఏడో యేట ఆ ఊళ్ళో బస్సు దిగింది. భుజాన గుడ్డసంచి. అందులో టేపు, రసమట్టం, సుత్తి, ఉలి, ఒక జత బట్టలు.

పనిచేసే చోట అందరూ ఆమెని మేస్త్రమ్మ అంటారు. ఆ పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. ఇరవై మూడో యేట తండ్రి పోయాక తట్టలు మోయడానికి వెళ్ళింది. మోస్తూ మోస్తూ మేస్త్రీల చేతులు చూసింది. మధ్యాహ్నం వాళ్ళు కునుకు తీసే వేళ నేలమీద బొగ్గుతో మెట్లు గీసి, చెరిపి, మళ్ళీ గీసింది. మొదటి పదేళ్ళూ "ఆడది మెట్లు కడితే ఎక్కేదెవడు?" అన్నారు. తర్వాత అన్నవాళ్ళే ఎక్కారు. ఇప్పటికి రెండొందల ఇళ్ళకి పైగా మెట్లు కట్టింది. ఒక్కచోటా ఒక్కరూ తూలలేదు. రెండు మెట్ల ఎత్తులో పావు అంగుళం తేడా ఉంటే కన్ను కనిపెట్టలేదు, కాలు కనిపెడుతుంది. ఆమె నమ్మేది కాలినే. నోటిని నమ్మడం ఏడేళ్ళ వయసులోనే మానేసింది.

పిలిచింది టౌను హాలు కార్యదర్శి. హాలుకి యాభై ఏళ్ళు నిండుతున్నాయట, స్వర్ణోత్సవమట, మెట్లు అరిగి అంచులు రాలిపోతున్నాయట. "మెట్ల పనంటే మీ పేరే చెబుతున్నారు మేడమ్, ఒక్కసారి వచ్చి చూడండి" అన్నాడు ఫోన్లో. ఆమె ఎవరి కూతురో అతనికి తెలీదు. ఫోను పెట్టేద్దామనుకుంది. పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదంటే, దాని వెనక ఒక మాట ఉంది. ఆ ఊరు వదిలాక ఆమె తండ్రి మళ్ళీ మెట్లు కట్టలేదు. గచ్చులు చేశాడు, కాలవలు కట్టాడు, బట్టలుతికే బండలు దించాడు. మెట్లపని వస్తే "నాకు చేతకాదు బాబూ" అని ఇంకొకరి పేరు చెప్పేవాడు. ఆమెకి పదిహేనేళ్ళప్పుడు, ఒక పెద్ద పని అలాగే చేజేతులా వదులుకుని ఇంటికొస్తే ఆమెకి ఒళ్ళు మండింది. "నీ బతుకే పదిహేడో మెట్టు నాన్నా" అంది. ఆయన తాపీ కడిగి, గోడకి ఆనించి, చేతులు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బతికాడు గానీ ఆ మాట ఎత్తలేదు.

ఆయన నిజంగా లెక్క తప్పాడా? తప్పితే ఆమె అన్నది చేదైనా నిజం. తప్పకపోతే ఊరంతా కలిసి ఒక మంచి పనివాణ్ణి పడగొట్టింది; ఆఖరి దెబ్బ కూతురిది. అది తేల్చుకోవడానికే టేపు తెచ్చుకుంది. ఊరు చూసి మురిసిపోవడానికి కాదు.

మురవడానికి ఊళ్ళో ఏమైనా ఉంటే కదా! బస్టాండుకి కొత్త కప్పు వేశారు. వాలు లోపలికి పెట్టారు. వాన పడితే నీళ్ళన్నీ కూర్చున్నవాళ్ళ నెత్తినే. కట్టించినవాడి పేరూ, ప్రారంభించినవాడి పేరూ మాత్రం నీళ్ళు తగలని చోట చలవరాతి మీద చెక్కించారు. ఆ మూలనే పదేళ్ళ వయసులో రేకుపెట్టె మీద కూర్చుని, ఎవరూ గుర్తుపట్టకుండా తండ్రి తలగుడ్డ ముఖం మీదికి లాక్కోవడం చూసింది. అప్పుడు బస్సు ఆలస్యమైంది. ఆ రోజు ఆయన ఆ గుడ్డ మాటునుంచే, "చూరు చివర గాడి కొట్టలేదు, అందుకే నీళ్ళు వెనక్కి పాకుతున్నాయి" అన్నాడు. ఊరు వెళ్ళగొడుతుంటే కూడా ఆ మనిషి ధ్యాస చూరు మీదే.

నీళ్ళ ట్యాంకు అప్పుడు ఎక్కడ కారేదో ఇప్పుడూ అక్కడే కారుతోంది. పగులు తెరిచి సిమెంటుతో పూడ్చడానికి ఒక పూట పని. యాభై ఏళ్ళలో రంగులు వెయ్యడానికి వచ్చిన ప్రతివాడూ ఆ ధారని చూసి, దాని చుట్టూ రంగు వేసి వెళ్ళాడు. చిన్నప్పుడు ఆ ధార కింద దోసిలి పట్టడం ఆమెకెంతో ఇష్టం. అది గుర్తొచ్చి తనమీద తనకే చిరాకేసింది.

బడి ప్రహరీగోడ నెలలు నిండినదానిలా ముందుకి ఉబ్బింది. ఆ పొట్ట మీద "క్రమశిక్షణే పునాది" అని నిలువెత్తు అక్షరాలతో రాయించారు. సరైన పునాది లేకే గోడ ఉబ్బిందని రాయించినవాడికి ఎవరు చెప్పాలి? ఆ గోడ పక్కనుంచే ఆమె రోజూ బడికి వెళ్ళేది. గోడమీద కూర్చున్న పిల్లలు "పదిహేడో మెట్టు వస్తోందిరోయ్, కాళ్ళు జాగ్రత్త!" అని అరిచేవాళ్ళు.

ఆ మాట పుట్టించింది పిల్లలు కాదు. హాలు ప్రారంభం రోజున, ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్ర మాస్టారొకాయన ఉపన్యాసం ఇవ్వడానికి పైకెక్కుతూ ఆ మెట్టు తగిలి నలుగురి ముందూ మోకాళ్ళ మీద పడ్డాడు. లేచి, దుమ్ము దులుపుకుని, మైకు అందుకుని, "మన మేస్త్రిగారు పదహారు మెట్లు మెలకువగా కట్టి పదిహేడోది నిద్రలో కట్టారు" అన్నాడు. హాలు చప్పట్లతో మోగిపోయింది. మేస్త్రి ఏడేళ్ళ కూతురు వెనక నిలబడి, తండ్రి చెయ్యి వదిలి, అందరితో పాటు తనూ చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత మాస్టారు మైకు వదల్లేదు. ఊరు ఆయన్ని మైకు మాస్టారనే పిలిచింది.

సందు చివర వాళ్ళు అద్దెకున్న ఒంటిగది ఇంకా ఉంది. గోడలకి ఏదో రంగు. గుమ్మం ముందు తండ్రి కట్టిన రెండు మెట్లు మాత్రం ఎక్కడా కుంగలేదు, విరగలేదు. ఆమె ఎక్కి దిగింది. మళ్ళీ ఎక్కి దిగింది. లోపలినుంచి ఒకామె తడిచేతులతో వచ్చింది.

"ఎవరు కావాలండీ?"

"ఎవరూ వద్దమ్మా. మెట్లు చూస్తున్నా."

"మెట్లలో చూడ్డానికేముంది?"

"ఏమీ ఉండకూడదు. అదే చూస్తున్నా."

ఆమె తలుపు సగం మూసి, ఆ సందులోంచి ఈ పిచ్చిమనిషి వెళ్ళేదాకా చూసింది.

హాలు దగ్గర కార్యదర్శి, మైకు మాస్టారు కుర్చీలు వేసుకుని ఎదురుచూస్తున్నారు. మాస్టారికి డెబ్బై దాటి చాలా ఏళ్ళయింది. గొంతుకి మాత్రం ఇంకా పాతికే.

"రా తల్లీ, రా! ఈ మెట్లు మామూలు మెట్లు కావు. ఇది మన ఊరి ఆత్మ."

"అంచులు రాలిపోయాయండి" అంది మేస్త్రమ్మ.

"అంచుల సంగతి నువ్వు చూసుకో. పదిహేడో మెట్టు జోలికి మాత్రం వెళ్ళకు. దానికి 'వినయ సోపానం' అని పేరు పెట్టాం. ఇత్తడి పలక కూడా తయారైంది. ఇక్కడ తలవంచకుండా ఎవరూ లోపలికి పోలేరు. అలా ఉండాలనే ఆనాటి పెద్దలు ఆ మెట్టుని కావాలని ఎత్తుగా కట్టించారు."

"ఎవరు చెప్పారండీ?"

"పుస్తకంలో ఉందమ్మా."

"ఎవరు రాసిన పుస్తకం?"

"నేనే." ఆయన వినయంగా నవ్వాడు. "కుర్రతనంలో ఆ మేస్త్రి మీద నేనే ఏదో చమత్కారం విసిరాను. తర్వాత ఆలోచిస్తే తట్టింది. అంత గొప్ప హాల్లో పొరపాటు జరుగుతుందా?"

"ఆ మేస్త్రి ఏమయ్యాడండీ?"

"ఎవరికి తెలుసు? ఎక్కడో అక్కడ ఉంటాడు, ఉంటే."

ఆమె సంచిలోంచి టేపు తీసింది. మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవని ఊరికే అనలేదు పెద్దలు. ఈ ఊళ్ళో ఆ సామెతకి ఏకంగా ఇత్తడి పలకే చేయించారు.

వాళ్ళిద్దరూ టీ తాగుతూ ఇత్తడి పలక మీద అక్షరాలు ఎంత లావుండాలో వాదించుకుంటుంటే, ఆమె కింది మెట్టు నుంచి మొదలుపెట్టింది. జనం నడిచి అరిగినది మెట్ల మధ్యభాగం. గోడవారన కాలు పడదు, అక్కడ అసలు ఎత్తు అలాగే ఉంటుంది. అక్కడ కొలిచింది. ఏడంగుళాలు. రెండోది ఏడు. మూడోది ఏడు. రసమట్టం పెడితే గాలిబుడగ నట్టనడుమ నిలిచింది. ఎనిమిదోది ఏడు. పన్నెండోది ఏడు. ఆమె చెయ్యి నెమ్మదించింది. తనే కట్టినా పదహారు మెట్లలో ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తేడా వచ్చేది. పదహారోది ఏడు. పదిహేడోది ఎనిమిదిన్నర.

ఇలాంటి చెయ్యి ఆఖర్న ఒక్కసారిగా అంగుళంన్నర తప్పుతుందా? నిద్రలో కట్టినా తప్పదు.

పై నుంచి బకెట్టుతో ఒక ముసలామె కుంటుతూ దిగింది. హాలు ఊడ్చి తుడిచే మనిషి. "కొలుస్తున్నావా అక్కా? కొలువు, కొలువు. నేను మూడుసార్లు పడ్డాను దాని మీద. మోకాలు పోయింది. వాళ్ళేమో ఏడాదికి రెండుసార్లు ఎక్కి వినయం, వినయం అంటారు. నేను రోజుకి ఇరవైసార్లు ఎక్కుతాను. నాకెంత వినయం ఉండాలో నువ్వే చెప్పు!"

మేస్త్రమ్మకి నవ్వొచ్చింది. "ఈ పైనున్న బూడిదరంగు రాళ్ళు మొదట్నుంచీ ఉన్నవేనా అక్కా?"

"నేనొచ్చినప్పటికే ఉన్నాయి. రాళ్ళకొట్టు ఆసామి ఉచితంగా ఇచ్చాడట. అదిగో గోడమీద ఆయన పేరు. అమ్ముడుపోక పడున్న సరుకని మా మామ చెప్పేవాడు. లోపల, అదిగో ఆ మూల, ఒక రాయి కదులుతోంది. తుడిచినప్పుడల్లా కింద నీళ్ళు నిలుస్తాయి."

మేస్త్రమ్మ ఆ మూలకి వెళ్ళి కూర్చుంది. ఉలి మొన రాయి కింద పెట్టి ఒక్క దెబ్బ వేసింది. రాయి లేచింది. కింద పల్చటి ఇసుక సిమెంటు. దాన్ని గీకింది. దాని కింద ఎర్రటి గచ్చు. నున్నగా, మెరుగుపెట్టి, అద్దంలా.

వేలితో రుద్దితే గోట్లోకి ఎరుపు వచ్చింది. అప్పుడు కదిలింది ఆ జ్ఞాపకం. ఇన్నేళ్ళూ అది కల అనుకుంది. ప్రారంభానికి కొన్నాళ్ళ ముందు తండ్రి ఆమెని ఇక్కడికి తీసుకొచ్చాడు. పదహారు మెట్లూ పరిగెత్తి ఎక్కి, ఎర్రటి నేలమీద ఈ చివర నుంచి ఆ చివరికి జారింది. ఎక్కడా కాలికి ఏదీ తగల్లేదు. ఇంటికెళ్తే అరికాళ్ళు ఎర్రగా ఉన్నాయని అమ్మ తిట్టింది. తర్వాత హాల్లో చూసింది బూడిదరంగు రాళ్ళే కనుక, ఎర్ర నేల ఎక్కడో కలలో చూశాననుకుంది.

గచ్చు నుంచి పక్క రాతి పైభాగం దాకా కొలిచింది. అంగుళంన్నర.

ఇక చెప్పేదేముంది! మేస్త్రి ఎర్ర గచ్చు మట్టానికి మెట్లు కట్టాడు. తీరా అంతా అయ్యాక ఆసామి తన కొట్లో మిగిలిన రాళ్ళు దానమిచ్చి గోడమీద పేరు చెక్కించుకున్నాడు. రాళ్ళు పరిచినవాడు మెట్ల వైపు చూడలేదు. చూసినవాడు కొలవలేదు. పైగా ఆ పదిహేడోది మెట్టే కాదు, హాలు నేల. ఆయన కట్టినవి పదహారు, పదహారూ ఏడంగుళాలు. అక్షరాలొచ్చిన ఊరు మొత్తం యాభై ఏళ్ళుగా అంకెలు తప్పు లెక్కపెట్టింది. తండ్రి ఆ రోజు ఎవరికైనా చెప్పుకున్నాడో లేదో ఆమెకి తెలీదు. చెప్పినా మైకు ఆయన చేతిలో లేదు.

పదహారో మెట్టు మీద కూలబడింది. ఊరిది తెలివితక్కువతనం, సరే. ఊరికి రసమట్టం పట్టుకోవడం రాదు. ఆమెకి వచ్చు. ముప్పై ఏళ్ళుగా చేతిలోనే ఉంది. పదిహేనేళ్ళ నోటితో అన్నమాట తప్పో ఒప్పో కొలవడానికి, ఎవడో ఉత్సవానికి పిలిచేదాకా రాలేదు. ఆ రోజు ఊళ్ళోవాళ్ళందరి మీదా పుట్టిన ఏవగింపులో పెద్దవాటా ఆమె తనకే ఉంచుకుంది.

"ఏం తేల్చావక్కా? బాగుచేస్తావా, చెయ్యవా?" అంది ముసలామె. "వాళ్ళ పుస్తకం వాళ్ళది, నా మోకాలు నాది."

మేస్త్రమ్మ లేచి కిందికి దిగింది. కార్యదర్శితో పని ఒప్పుకుంటున్నానంది. మెట్లన్నిటికీ పైపొర కొత్తగా వెయ్యాలంది.

"పదిహేడో మెట్టు..." అన్నాడు మైకు మాస్టారు వేలు చూపిస్తూ.

"దానిమీద చెయ్యి కూడా వెయ్యనండి. మాటిస్తున్నా."

ఆ మాట నూటికి నూరుపాళ్ళూ నిలబెట్టుకుంది. కదిలే రాయిని మళ్ళీ అంటించి, పైనున్న నేలని అలాగే వదిలేసి, కింది పదహారు మెట్ల మీద పడింది. అంగుళంన్నర తేడాని పదిహేడు ఎత్తులకీ సమంగా పంచింది. తిలాపాపం తలా పిడికెడు. ఒక్కో మెట్టు వాటాకి రూపాయి బిళ్ళ మందం కంటే కాస్త ఎక్కువ వచ్చింది. మొదటి మెట్టు ఒక వాటా లేచింది, రెండోది రెండు వాటాలు, పదహారోది పదహారు. కొత్తగా ఎక్కే ఏ కాలికీ తేడా తెలీదు. కానీ పల్చటి పూత నిలవదు. పాత పైపొర చెక్కి తీసి, దానిమీద కొత్తది పట్టించాలి. అంటే తండ్రి చేతి పనిని చెక్కెయ్యాలి. తప్పు చేసినవాడి రాళ్ళు పైన భద్రంగా ఉంటాయి, తప్పు చెయ్యనివాడి పని ఉలి కింద పోతుంది. ఒక పూటంతా ఆమె ఉలి పట్టుకుని మొదటి మెట్టు ముందు కూర్చుంది. తర్వాత ముసలామె మోకాలు గుర్తొచ్చింది. మెట్లున్నది మేస్త్రి గొప్ప చూపించడానికి కాదు, మనిషి పైకి వెళ్ళడానికి. ఇద్దరు కూలీలని పెట్టుకుంది గానీ చెక్కే పని వాళ్ళకివ్వలేదు. పదహారూ తనే చెక్కింది. కొత్తపొర వేసి, తడిగోనెలు కప్పి, ఉత్సవం ముందు వారం రోజులూ ఎవర్నీ ఎక్కనివ్వలేదు. కార్యదర్శి పక్కనున్న ఇనుప మెట్లెక్కుతూ విసుక్కున్నాడు.

ఉత్సవం రోజు ఉదయం ముఖ్య అతిథి కారు దిగాడు. ఆ ఊరికి ఎప్పుడూ రాని మనిషి. ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ, మెట్లున్నాయని కూడా గమనించకుండా, పైకెక్కి హాల్లోకి వెళ్ళిపోయాడు. వెనక మైకు మాస్టారు, ఆయన వెనక కమిటీ.

"అయ్యా, ఆగండి! ఇప్పుడు మీరు దాటింది వినయ..." అంటూ మాస్టారు పదిహేడో మెట్టు దగ్గర యాభై ఏళ్ళ అలవాటు చొప్పున కాలు అంగుళంన్నర ఎక్కువ ఎత్తాడు. ఆ కాలు అక్కడ లేని ఎత్తుని వెతుక్కుని, దొరక్క, దభీమని కింద పడింది. మనిషి ముందుకి తూలి ముఖ్య అతిథి కోటు పట్టుకున్నాడు. వెనక కార్యదర్శి తూలాడు. కోశాధికారి తూలాడు. పుట్టినప్పట్నుంచీ ఊళ్ళో ఉన్న ప్రతివాడూ, తప్పు మెట్టుకి అలవాటుపడిన కాలుతో, ఒప్పు మెట్టు మీద తూలాడు. పొరుగూరి వాళ్ళు వాళ్ళని వింతగా చూస్తూ పక్కనుంచి ఎక్కి వెళ్ళారు.

మాస్టారు ఆయాసపడుతూ ఆమె దగ్గరికొచ్చాడు. "మెట్టుని ఏం చేశావమ్మా?"

"ముట్టుకోలేదండి. మాటిచ్చానుగా."

"మరి నేనెందుకు పడబోయాను?"

"అది పదిహేడో మెట్టు కాదు మాస్టారూ, మీ హాలు నేల. దానిమీద రాళ్ళు పరిచి ఎత్తు చేసింది మీ దాత. కింద పదహారూ మా నాన్న కట్టారు, ఒక్కటీ తప్పలేదు. పిల్లలకి ఎక్కాలు చెప్పినవారు, పదహారు దాకా లెక్క వచ్చుండాలి మీకు."

ఆయన ముఖం ఒక్కక్షణం వెలవెలపోయింది. ఒక్కక్షణమే. "ఆహా! ఎంత గొప్ప కథ! తండ్రి మెట్లకి కూతురు... ఇది ఈ పూటే మైకులో చెప్పాలి. మీ నాన్నగారి పేరేమిటి తల్లీ?"

"ఇప్పుడెందుకండీ పేరు? మీరు పెట్టారుగా ఒకటి."

సంచి భుజాన వేసుకుని, లోపల మైకు కీచుమనేలోపే బస్టాండు దారి పట్టింది.

ఇరవై రోజుల తర్వాత ముసలామె ఫోను చేసింది. "అక్కా, నా మోకాలు పర్లేదు. రెండు బకెట్లు పట్టుకుని కిందికి చూడకుండా ఎక్కుతున్నా. కానీ ఊళ్ళోవాళ్ళు ఇంకా తూలుతూనే ఉన్నారే! తండ్రి ఎక్కువ కట్టాడు, కూతురు తక్కువ కట్టింది, వంశమే అంత అంటున్నారు."

మేస్త్రమ్మ అప్పుడు ఎవరింట్లోనో గోడకి మెట్లు గీస్తోంది. బొగ్గుముక్క పక్కన పెట్టి, పనివాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది.

"తూలనివ్వక్కా. ఇంకో నెలలో కాళ్ళకి తెలిసొస్తుంది. నోళ్ళకంటావా, వాటికి ఇంకో యాభై ఏళ్ళు పడుతుంది."